ఇంజను లేని పడవకు ఇంజను నెంబరు

ఇకమీదట కొల్లేరు మీద పొగన్నది కనిపించదని మంత్రిగారు ఏలూరు సభలో ప్రకటించారు. ఒకటో తారీఖు నుంచి ప్రతి పడవకూ హరిత క్యూఆర్ స్టిక్కరు ఉండాలి. లేని పడవ నీళ్లలోకి దిగకూడదు. డీజిల్ ఇంజను అప్పగించిన వాళ్లకు బ్యాటరీ పడవ ఉచితం. ఇరవై ఏళ్లుగా ఏలూరులో విలేకరిగా ప్రకటనలు రాసుకుంటున్నాను గాని ఇంత శుభ్రమైన ప్రకటన నేను వినలేదు. సభ ముగించి మంత్రిగారు బయల్దేరితే వెనక పదకొండు కార్లు కదిలాయి.

మర్నాడే కొల్లేటి ఒడ్డున షామియానా వేశారు. స్కీము డైరెక్టరు విజయ్ కుమార్ గారు ట్యాబు పట్టుకుని కూర్చున్నారు. మొదట సత్తిబాబుగారు వచ్చారు. ఆయనకు ఎనభై ఎకరాల చేపల చెరువులు, ఆరు డీజిల్ పడవలు. ఆరు ఇంజన్లూ అప్పగించి ఆరు బ్యాటరీ పడవలు పుచ్చుకున్నారు. పైన ‘హరిత వీర’ శాలువా. అంత పొగ వదిలిన మనిషి కాబట్టే అంత పొగ మానగలిగారని డైరెక్టరుగారు విశదపరిచారు. నాకూ నిజమే అనిపించింది.

తరవాత వరదానం వచ్చాడు. ఎదురుగా నీళ్ల మధ్య కనిపించే లంక అతని ఊరు. ఆ లంకకు ఉన్నది అతని పడవ ఒక్కటే. ముప్ఫై ఏళ్లుగా వెదురు గెడ వేసి నడుపుతూ పిల్లల్ని బడికి, జబ్బు మనుషుల్ని ఆసుపత్రికి, ఆదివారం అందర్నీ చర్చికి చేరుస్తున్నాడు. అతనికి కొత్త పడవ అక్కర్లేదు. ఉన్నది నడుపుకోడానికి స్టిక్కరు కావాలి.

“ఇంజను నెంబరు చెప్పవోయ్” అన్నారు డైరెక్టరుగారు.

“గెడ పడవండి. ఇంజనుండదండి.”

“ఆ గడి నింపకపోతే యాప్ ముందుకెళ్లదు. పోనీ, ఎంత పొగ తగ్గిస్తావు?”

“ఎప్పుడూ వదల్లేదండి.”

అయితే తగ్గించేదేమీ లేదన్నమాట. పర్యావరణానికి వరదానం వల్ల ఒరిగిందేమీ లేదని యాప్ తేల్చేసింది.

అయినా డైరెక్టరుగారిది జాలిగుండె. పాత ఇంజను ఏదైనా తెచ్చి బిగించి, పొగ వదులుతున్న ఫొటో పెడితే పనైపోతుందని దారి చూపించారు. వరదానం సత్తిబాబుగారిని బతిమాలి, ఆయన పాకలో ఎప్పట్నుంచో పడున్న తుప్పు ఇంజను తెచ్చుకున్నాడు. అది తిరిగితేనా. చివరికి భార్య దానమ్మ తడిగడ్డి తెచ్చి ఇంజను వెనక రాజేసింది. ఫొటోలో మొగుడు కనిపించనంత పొగ వచ్చింది. యాప్ తక్షణం స్పందించింది. జిల్లాలోకెల్లా అత్యంత కాలుష్య పడవ ఇదేననీ, ఒకటో తారీఖున మంత్రిగారి చేతుల మీదుగా ధ్వంసం చేయాలనీ, బ్యాటరీ పడవ వంతు వచ్చినప్పుడు ఇస్తామనీ మెసేజి.

“నాకు స్టిక్కరొక్కటే కావాలండి. పడవ పోతే పిల్లలు బడికెలా వెళ్తారండి?” అన్నాడు వరదానం.

ఆన్‌లైన్ చదువుందిగా అని డైరెక్టరుగారు ధైర్యం చెప్పారు. లంకలో సిగ్నలే లేదని దానమ్మ అంది. అందుకేనట, అదే రోజు ‘డిజిటల్ లంక’ ప్రారంభోత్సవం కూడా పెట్టారు. బోర్డు అప్పటికే వచ్చేసింది.

ఒకటో తారీఖున సత్తిబాబుగారి బ్యాటరీ పడవలో మంత్రిగారు లంకకు బయల్దేరారు. డైరెక్టరుగారూ, సత్తిబాబుగారూ, కెమెరాలవాళ్లూ, నేనూ ఎక్కాం. ఎంత నిశ్శబ్దంగా వెళ్తోందో చెప్పలేను. సగం దూరంలో, గుర్రపుడెక్క మధ్య, ఆ నిశ్శబ్దం మరీ ఎక్కువైంది. రాత్రంతా ఆరు పడవల బ్యాటరీలతోనూ చెరువులో ఏరేటర్లు తిప్పించానని సత్తిబాబుగారు ఒప్పుకున్నారు. చేపలకు ఊపిరాడాలి కదా అన్నారు.

లంక ఒడ్డు నుంచి మా అవస్థ చూసి వరదానం పడవ వేసుకొచ్చాడు. అందర్నీ ఎక్కించుకుని, తుప్పు ఇంజనుతో సహా, గెడ వేసుకుంటూ లంకకు చేర్చాడు. మంత్రిగారి పంచె అంచు తడవలేదు. ఈ పడవ బ్రహ్మాండంగా ఉంది, ఇలాంటివి వంద చేయించండని ఆయన డైరెక్టరుగారిని అక్కడికక్కడే ఆదేశించారు.

ఒడ్డున రిబ్బను కట్టిన సుత్తి సిద్ధంగా ఉంది. వరదానం అడ్డం వచ్చి నిలబడ్డాడు.

“ఇందాక మిమ్మల్ని తెచ్చింది ఇదేనండి.”

మంత్రిగారు అతని భుజం తట్టి, త్యాగమంటే ఇదీ అని కెమెరాకు చెప్పి, సుత్తి ఎత్తారు. పాత చెక్క. మూడు దెబ్బలకే నీళ్లు లోపలికొచ్చాయి. ఇంజను బరువుకు పడవ మునిగిపోయింది. అందరం చప్పట్లు కొట్టాం. నేను దానమ్మ మొహం చూసి సిగ్గేసి ఆపేశాను.

సభ అయ్యాక మంత్రిగారు నీటి ఒడ్డుకు నడిచారు. అవతల పదకొండు కార్లూ వరసగా కనిపిస్తున్నాయి. ఆయన కాసేపు కార్లను చూశారు, కాసేపు నీళ్లను చూశారు. విజయ్ కుమార్ గారు ఫోను నెత్తి మీదికెత్తి ‘డిజిటల్ లంక’ బోర్డు చుట్టూ మూడుసార్లు తిరిగారు. వరదానం గెడ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఇక్కడివాళ్లు అవతలివాళ్లను ఎలా పిలుస్తారని మంత్రిగారు అడిగారు.

“తడిగడ్డి కొంచెం మిగిలిందండి” అంది దానమ్మ. “పొగ పెడితే చూసి ఎవరో ఒకరు వస్తారండి. కానీ ఇవాళ్టి నుంచి కొల్లేట్లో పొగ కనపడకూడదన్నారు కదండి.”

మంత్రిగారు కెమెరాలు ఆపించారు.

“కాస్త ఎక్కువే పెట్టమ్మా” అన్నారు.