తెల్ల చామంతుల సంక్షోభం

శనివారం ఉదయం హేరిమ్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. హాల్లో ఎనభై కుర్చీలు వేయించాలి, మైకు సరిచూసుకోవాలి, రెండింటికి సభ మొదలుపెట్టించాలి, నాలుగింటికి అది ముగిశాక ఎవరూ ఫిర్యాదు చేయకుండా చూసుకోవాలి. ఈ చివరిదే అన్నిటికన్నా ముఖ్యం. దక్షిణ కొరియాలోని ఇంచన్ రేవు పక్కనున్న ఆ శాంతి అధ్యయన కేంద్రంలో ఆమె రెండేళ్ళ కాంట్రాక్టు సోమవారంతో ముగుస్తుంది. "ఈ సభ గొడవ లేకుండా జరిపించు, పర్మనెంట్ కాగితం మీద సంతకం పెడతాను. ఒక్క ఫిర్యాదు వచ్చిందా, కాగితమూ ఉండదు, నువ్వూ ఉండవు" అని డైరెక్టర్ ఓక్ గారు మొన్ననే చెప్పేశారు.

సభ విషయం 'అగ్రరాజ్యాల మధ్య ప్రచ్ఛన్న యుద్ధం మళ్ళీ వస్తుందా?' అన్నది. వక్తలిద్దరూ రిటైరైన దౌత్యాధికారులు. నమ్‌గూంగ్ గారు తన సర్వీసంతా అమెరికాలో చేశారు, పియో గారు చైనాలో చేశారు. ఊళ్ళో అందరూ వాళ్ళని అమెరికా పెద్దాయన, చైనా పెద్దాయన అనే పిలుస్తారు. ఇద్దరూ ముందుగా పంపిన ఉపన్యాసాలను హేరిమ్ చదివింది. ఇద్దరిదీ ఒకటే మాట. యుద్ధం రాదు, మనుషులకు బుద్ధి వచ్చింది. ఇక గొడవకు చోటెక్కడుందని ఆమె నిశ్చింతగా కాఫీ కలుపుకుంది.

పదింటికి, సభలకు అభినందనగా పంపే పూల స్టాండుల్లో మొదటిది వచ్చింది. నమ్‌గూంగ్ గారు చదివిన బడి పాత విద్యార్థుల సంఘం పంపింది. రెండంతస్తుల గులాబీరంగు పూలు, నిలువునా వేలాడే రిబ్బన్ల మీద ఆయన పేరు. దాన్ని గుమ్మానికి కుడివైపు నిలబెట్టించాక ఎడమవైపు బోసిగా కనిపించింది. పియో గారు వచ్చి చూస్తే ఏమనుకుంటారు? హేరిమ్ వెంటనే పూలకొట్టు బాన్ గారికి ఫోన్ చేసింది.

"పియో గారి పేరు మీద ఒక స్టాండు కావాలండీ. పంపినవాళ్ళు 'అభిమానులు' అని రాయండి."

"రెండంతస్తులవి అయిపోయాయమ్మా. ఇవాళ నాలుగు పెళ్ళిళ్ళు. మూడంతస్తులది ఉంది, పంపమంటావా?"

"పంపేయండి. ఒక అంతస్తుకే కొంప మునుగుతుందా?"

మునిగింది. పదకొండింటికి పాత విద్యార్థుల సంఘం సెక్రటరీ యుక్ గారు తమ పూలు చూసుకుని మురిసిపోదామని వచ్చారు. ఆయన ముప్పై ఏళ్ళు బడిలో డ్రిల్లు నేర్పిన మనిషి. అంతస్తులు లెక్కపెట్టారు.

"ఎవరమ్మాయీ ఈ అభిమానులు?"

"అది... రాయలేదు సార్."

"మాది రెండు, వాళ్ళది మూడు. మేం పోటీకి పోవడం లేదు సుమా. మా పెద్దాయన మర్యాద కాపాడుకుంటాం, అంతే" అని ఆయన ఫోన్ తీశారు. పావుగంటలో మూడంతస్తులవి రెండు దిగాయి.

పియో గారికి కొండలెక్కే మిత్రబృందం ఒకటి ఉంది. దాని సెక్రటరీ ఇన్‌సుక్ గారు ఊదారంగు జాకెట్టుతో, చేతికర్రతో, వెనక అలాంటి జాకెట్లే వేసుకున్న పదిమందితో పదకొండున్నరకు వచ్చారు. "మేం ఎవరి జోలికీ పోయేవాళ్ళం కాము. అవతల మూడుంటే మాకు నాలుగుండాలి, అంతకన్నా ఏమీ అడగం" అన్నారు. నాలుగయ్యాయి. అవతల ఐదయ్యాయి. ఇన్‌సుక్ గారు ఐదోదీ ఆరోదీ తెప్పించి, పేదలకు పంచేందుకని రిబ్బను కట్టిన బియ్యం బస్తాలు కూడా దింపించారు.

"బస్తాలు కూడా లెక్కలోకి వస్తాయి" అన్నారు యుక్ గారు.

"అన్నం పెట్టే బియ్యం సెక్రటరీ గారూ! అందులో మీకు ఆయుధం కనిపించిందా?"

"దాని మీద ఆయన పేరుందా, లేదా?"

పన్నెండున్నరకు కుడివైపు ఏడు, ఎడమవైపు ఆరు స్టాండ్లు తేలాయి. మనుషులు గుమ్మంలోంచి పక్కకు తిరిగి దూరవలసి వచ్చింది. హేరిమ్ ఇద్దరు సెక్రటరీలనూ కూర్చోబెట్టి, చెరో కింబాప్ అన్నం చుట్టల పొట్లం చేతికిచ్చి, చెరొకటీ తీసేద్దామని బతిమాలింది.

"ముందు వాళ్ళని తీయమను" అన్నారు యుక్ గారు.

"భలే చెప్పారు. మేం తీశాక మీరు తీస్తారని నమ్మకమేంటి?"

తగ్గించడం కుదరక, ఇక పెంచకూడదని ఒప్పందం చేయించింది. చెరి ఏడు. పియో గారి వైపు తక్కువైన ఆ ఒక్కటీ కేంద్రమే తెప్పిస్తుంది. చేతులు తుడుచుకునే కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టారు. హేరిమ్‌కు తన మీద తనకే గౌరవం కలిగింది.

"పూలు నిండుకున్నాయమ్మా" అన్నారు బాన్ గారు ఫోన్లో.

"ఏ పూలైనా సరే! పావుగంటలో గుమ్మం దగ్గర ఉండాలి."

ఆమె లోపల మైకు చూసుకుంటుంటే ఏడో స్టాండు వచ్చింది. ఆసుపత్రి పక్కనున్న అంత్యక్రియల హాలు కోసం కట్టిపెట్టిన తెల్ల చామంతుల స్టాండు అది. కొరియాలో చావు జరిగిన చోటికి తప్ప తెల్ల చామంతులను ఎవరూ పంపరు. బతికున్నవాడికి పంపితే, నువ్వు చావాలని చెప్పినట్టే. బాన్ గారు మాత్రం ఆర్డరు ప్రకారం రిబ్బను కట్టారు. 'పియో గారికి హృదయపూర్వక అభినందనలు.'

ఇన్‌సుక్ గారి కేక హాల్లోకి వినిపించింది. హేరిమ్ పరుగెత్తుకొచ్చేసరికి ఆవిడ కర్ర పైకెత్తి ఉన్నారు.

"బతికున్న మనిషికి చావు పూలా! పైగా అభినందనలా!"

"మేం పంపలేదు" అన్నారు యుక్ గారు.

"మరి కేంద్రం తెప్పించిన పూలు వాటంతట అవే చావు పూలైపోయాయా? మీరే మార్పించారు!"

ఏ పూలైనా సరేనన్నది తానేనని చెప్పడానికి హేరిమ్ నోరు తెరిచింది. పర్మనెంట్ కాగితం గుర్తొచ్చి మూసుకుంది. చాలా సిగ్గుగా అనిపించింది. అయినా మూసుకునే ఉంది. "పెద్దలిద్దరికీ ఫోన్ చేద్దాం. వాళ్ళే నేరుగా మాట్లాడుకుంటే తేలిపోతుంది" అని మాత్రం అంది.

పియో గారు ఫోన్ ఎత్తలేదు. ఆరుసార్లు చేసినా ఎత్తలేదు. జాకెట్లవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "మొన్న కొండెక్కుతుంటే ఆయాసపడ్డారు" అని ఒకరు గొణిగారు. "అయితే ఈ పూలు నిజంగానే..." అని ఇంకొకరు సగంలో ఆపేశారు. ఇన్‌సుక్ గారు బియ్యం బస్తా మీద కూలబడి ఏడుపు లంకించుకున్నారు.

"మా పెద్దాయన కూడా ఎత్తడం లేదు" అన్నారు యుక్ గారు, పాలిపోయిన ముఖంతో.

"ఇద్దరూ ఒకేసారా?"

"కొట్టుకుని ఉంటారు" అన్నారు జాకెట్లవాళ్ళలో ఒకరు.

ఈ మాట పావుగంటలో 'ఇద్దరూ పోయారట' అన్న కబురై రెండు సంఘాల వాళ్ళ ఫోన్లకూ పాకింది. రెండింటికి పది నిమిషాలుండగా నల్ల సూట్లు వేసుకుని, చావు ఇంట ఇచ్చే డబ్బు పెట్టిన తెల్ల కవర్లు పట్టుకుని ఎనభై తొంభైమంది వచ్చేశారు. హేరిమ్ వేయించిన కుర్చీలు ఆ కేంద్రం చరిత్రలో మొదటిసారి నిండాయి. డైరెక్టరు గారు బయటికొచ్చి ఆ జనాన్ని, పూలను, ఏడుస్తున్న ఇన్‌సుక్ గారిని చూశారు.

"శాంతి సభ పెట్టమంటే సంతాప సభ పెట్టావా? సోమవారం నీ సామాను సర్దుకో" అన్నారు. హేరిమ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడే గుమ్మం ముందు టాక్సీ ఒకటి ఆగింది. అందులోంచి పియో గారు, ఆ వెనకే నమ్‌గూంగ్ గారు దిగారు. ఇద్దరి ముఖాలూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి, జుట్టు ఇంకా తడిగా ఉంది. పొద్దుటినుంచీ ఆవిరి స్నానశాలలో ఒకరి వీపు ఒకరు రుద్దుకుంటూ కూర్చున్నారట. ఫోన్లు అక్కడి బీరువాలో పెట్టి మర్చిపోయారట. ఇన్‌సుక్ గారు పియో గారిని పట్టుకుని మళ్ళీ ఏడ్చారు. సంగతి తెలిసి ముసలివాళ్ళిద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

"చూశావట్రా, మనం బానే ఉన్నాం. మనవాళ్ళే చంపుకుంటున్నారు" అన్నారు పియో గారు.

"పిచ్చి జనం" అంటూ నమ్‌గూంగ్ గారు గుమ్మం వైపు చూశారు. స్టాండ్లను లెక్కపెడుతూ చూపుడు వేలు నెమ్మదిగా గాల్లో కదిలింది. నవ్వు తగ్గింది. "ఒరేయ్, ఆ తెల్లది మిగతావాటికన్నా జానెడు ఎత్తుందే."

"చావు పూలకు కూడా ఏడుస్తావట్రా?"

"ఏడవడం కాదు. నీకుండి నాకు లేకపోవడమేంటి? నేనేం తక్కువ తిన్నానా?"

"అయితే నువ్వూ తెప్పించుకో. ఎన్ని తెప్పించినా మొదట వచ్చింది నాకే."

హేరిమ్ కళ్ళు తుడుచుకుని బాన్ గారికి ఫోన్ చేసింది. రెండో చామంతుల స్టాండు వచ్చేదాకా నమ్‌గూంగ్ గారు లోపలికి అడుగు పెట్టలేదు. సభ ఇరవై నిమిషాలు ఆలస్యంగా మొదలైంది. ప్రచ్ఛన్న యుద్ధం ఇక రాదని, మనుషులకు బుద్ధి వచ్చిందని ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా గంటన్నర మాట్లాడారు. జనం పెద్దగా చప్పట్లు కొట్టారు. ఎవరి పూల ముందు వాళ్ళు నిలబడతామనడంతో ఫొటో రెండుసార్లు తీయవలసి వచ్చింది.

సభ అయ్యాక నమ్‌గూంగ్ గారు హేరిమ్‌ను పక్కకు పిలిచారు. "వాడికి చావు పూలు తెప్పించింది నువ్వేనట, పూలకొట్టువాడు చెప్పాడు. భలే దెబ్బ కొట్టావమ్మా. మనసులో నువ్వు నా పక్షమే."

ఐదు నిమిషాలకు పియో గారు ఇంకో పక్కకు పిలిచారు. "అన్నిట్లోకీ ఎత్తయింది నాకే ఏరి తెప్పించావు. నాకు తెలుసులేమ్మా, నువ్వు నా మనిషివి."

ఇద్దరికీ ఆమె నడుం వంచి దణ్ణం పెట్టింది. ఎవరి మాటనూ కాదనలేదు. ఇద్దరూ విడివిడిగా డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళి ఒకే షరతు పెట్టారు. ఇదే విషయం మీద నెలకో సభ చొప్పున ఏడాది పాటు మాట్లాడతారు. కానీ గుమ్మం దగ్గరి ఏర్పాట్లన్నీ ఆ అమ్మాయే చూడాలి.

సోమవారం ఓక్ గారు కాగితం మీద సంతకం పెట్టి, కళ్ళజోడు తీసి, "ఇంతకీ నువ్వేమంటావు? మళ్ళీ ప్రచ్ఛన్న యుద్ధం వస్తుందంటావా?" అని అడిగారు.

"రాదు సార్" అంది హేరిమ్, వచ్చే నెల సభకు చెరి ఎనిమిది పూల స్టాండ్లు రాసిపెట్టుకుంటూ.