గడువు బండి

గడువు దాటినవాళ్ళని ఎక్కించుకునే బండి ఒకటి పందెం దగ్గర్నుంచి తవిటినాయుడి వెనకాలే గెడ్డవలస వచ్చేసిందని, ఆ మనిషి ఎక్కేదాకా అది తిరిగి వెళ్ళదని, ఎదురింటి సూరీడమ్మ కుళాయి దగ్గర చెప్పిందట. చెప్పి, బిందె చంకన పెట్టుకుంటూ, "ఇందులో వింతేటుంది, మా ఆడపడుసు పెళ్ళికొచ్చిన బేండుమేళం బండి ఇలాగే మూడ్రోజులు ఉండిపోనాది" అని కూడా అన్నదట. విన్నవాళ్ళలో ఒకావిడ మాత్రం బండి వీధికి అడ్డంగా ఉందా వారగా ఉందా అని అడిగింది. వారగానే ఉందని తేలాక ఆ సంగతి అక్కడితో అయిపోయింది.

తవిటినాయుడు భూమి కొలతల కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటు. నలభై రెండో ఏట, తోటి గుమస్తాలు మెట్లెక్కలేక కింది గదికి మార్పించుకునే వయసులో, అతనికి ట్రయత్లాన్ పిచ్చి పట్టింది. సముద్రంలో రెండు కిలోమీటర్లు ఈదాలి. ఒడ్డుకొచ్చి తొంభై కిలోమీటర్లు సైకిలు తొక్కాలి. సైకిలు దిగి ఇరవై ఒక్క కిలోమీటర్లు పరుగెత్తాలి. అన్నిటికీ కలిపి ఎనిమిదిన్నర గంటలు గడువు. మొదటి ఏడు జెల్లీ చేప కుట్టి చెయ్యి వాచింది. రెండో ఏడు సైకిలు టైరు రెండుసార్లు పేలింది. మూడో ఏడు అన్నీ కుదిరాయి, కాని పరుగులో పద్నాలుగో కిలోమీటరు దగ్గర తొడ పట్టేసింది. గడువు దాటిన నిమిషానికి వెనక బండి వచ్చి తలుపు తెరుచుకుంది.

ఇటువంటి బండి ప్రతి పందెంలోనూ ఉంటుంది. చివరివాడి వెనక ఇరవై అడుగుల దూరంలో నడుస్తుంది. గడువు దాటితే ఎక్కించుకుంటుంది. ఎక్కినవాడికి మెత్తటి సీటు, గ్లూకోజు నీళ్ళు, రెండు అరటిపళ్ళు. తవిటినాయుడు ఎక్కనన్నాడు. కుంటుకుంటూ రోడ్డు దిగి, ఆటో మాట్లాడుకుని, నలభై ఆరు కిలోమీటర్లు వచ్చి ఇంట్లో పడుకున్నాడు. తెల్లారి పళ్ళు తోముకోవడానికి బయటికొస్తే గుమ్మానికి సరిగ్గా ఇరవై అడుగుల దూరంలో బండి ఉంది. డ్రైవరు గన్నియ్య టైరు మీద కాలు పెట్టుకుని వేపపుల్ల నములుతున్నాడు.

తవిటినాయుడి నోట్లో నురగ నోట్లోనే ఉండిపోయింది. ఉమ్మేసి అడిగాడు.

"ఇక్కడికెందుకొచ్చావు?"

"మీరు ఎక్కలేదు గదా బాబూ."

"పందెం నిన్ననే అయిపోయింది."

"పందెం అయిపోనాది. మీరు అవ్వలేదు."

గన్నియ్య చొక్కా జేబులోంచి కాగితం తీశాడు. పద్నాలుగో నిబంధన: 'చివరి అభ్యర్థి బండి ఎక్కువరకు గాని, గడువులోగా ముగింపు గీత దాటువరకు గాని, బండి అతని వెనక ఇరవై అడుగుల దూరమున ఉండవలెను.' అందులో ఊరి పేరు లేదు, తేదీ లేదు. కింద సంతకం తవిటినాయుడిదే. దరఖాస్తు నింపిన రోజున చదవకుండా పెట్టినది.

తొమ్మిదింటికల్లా మునిసిపాలిటీ మనిషి వచ్చి బండికి డోరు నంబరు వేసి వెళ్ళాడు. పాలవాడు అరలీటరు ఖాతా తెరిచాడు. తవిటినాయుడు ఆఫీసుకు బయల్దేరితే బండి కూడా బయల్దేరింది, దుక్కిటెద్దు వెనక కొంగలాగా, తొందరలేకుండా, ఎడం తగ్గకుండా. దారిలో ఎవరూ ఆగి చూడలేదు. ఒక స్కూటరు మనిషి మాత్రం ఇద్దరికీ మధ్య దూరి, పొరపాటు తెలుసుకుని, గన్నియ్యకు క్షమాపణ చెప్పి పక్కకు తప్పుకున్నాడు. తవిటినాయుడికి బండి కంటే ఆ క్షమాపణే ఎక్కువ భయం పుట్టించింది.

మధ్యాహ్నం సూపరింటెండెంటు పట్నాయక్ గారు కబురు పెట్టారు. ఆయన బల్ల మీద సీనియర్ అసిస్టెంటు ప్రమోషన్ల జాబితా ఉంది. మొదటి పేరు తవిటినాయుడిది. దాని కోసం అతను పదహారేళ్ళుగా ఎదురు చూస్తున్నాడు.

"బయట బండి నీదేనా?"

"నాది కాదండి. నా వెనకది."

"అదే అడుగుతున్నా." పట్నాయక్ గారు సర్వీసు రిజిస్టరు తెరిచి 'వెనక బండి కలదు' అని రాసి, ఇంకు ఆరేదాకా ఊదారు. "ప్రమోషను ఇవ్వకూడదని రూలేం లేదు నాయుడూ. కాని వెనక బండి ఉన్నవాణ్ణి ముందు కుర్చీలో ఎలా కూర్చోబెట్టమంటావు? వచ్చే పందెంలో గీత దాటు. బండి పోతుంది, కుర్చీ వస్తుంది. అప్పటిదాకా జాబితా ఆపుతాను. నీ మీద అభిమానం కొద్దీ."

బండి ఎందుకుందని మాత్రం ఆయన అడగలేదు. ఆ రోజు పొద్దుట నుంచి ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని తవిటినాయుడు చూస్తూనే ఉన్నాడు.

ఇంట్లో అతని భార్య నీలవేణి కూడా అడగలేదు. ఆమె అంగన్‌వాడీ టీచరు. నాలుగేళ్ళుగా చీకటితో లేచి, రాగిపిండితో చోడంబలి కాచి సీసాలో పోసి, అతను పరుగెడుతుంటే మోపెడ్ మీద వెనకాల వెళ్ళడం ఆమె పని. మెడలో స్టాప్‌వాచీ, ముందు బుట్టలో సీసా, అరటిపళ్ళు. బండి వచ్చిన రెండో రోజు గన్నియ్య ఆమెను మర్యాదగానే ఆపాడు.

"అమ్మా, ఈ దూరం మాదండి."

"నాలుగేళ్ళ బట్టి నాదే" అంది నీలవేణి.

"మీది రాసి లేదు గదమ్మా."

ఆమె మోపెడ్ వెనక్కి తిప్పుకుంది. అంబలి మాత్రం కాస్తూనే ఉంది.

బండి మీద బోర్డు రాసిన పెయింటరుకు 'పందెంలో గడువు దాటినవారి కొరకు' అని రాయమని చెప్పారు. మొదటి మాటకు చోటు చాలక అతను దాన్ని వదిలేశాడు. ఆ సంగతి మొదట కనిపెట్టింది ఆఫీసు అటెండరు గౌరయ్య. ఇరవై రెండేళ్ళుగా రికార్డు అసిస్టెంటు అవుతానని చూసి చూసి, ఈ మధ్యే చూడ్డం మానేశాడు. ఒకరోజు భోజనాల వేళ బోర్డు ముందు నిలబడి రెండుసార్లు చదివాడు.

"ఇందులో పందెం అన్లేదు గదా?"

గన్నియ్య దిగి వచ్చి తనూ చదివాడు. "అన్లేదు."

"అయితే నాదీ దాటిపోనాది."

"అయితే ఎక్కండి."

గౌరయ్య ఎక్కాడు. రెండు పళ్ళు తిని, తల వెనక్కి వాల్చి, అయిదింటిదాకా నిద్రపోయాడు. పెళ్ళయ్యాక అంత నిద్ర ఎప్పుడూ పట్టలేదని లేచాక చెప్పాడు. దిగలేదు. మర్నాటి నుంచి హాజరు పట్టీ కిటికీలోంచి అందించారు.

తర్వాత డిగ్రీ కాలేజీ లెక్చరరు ఒకాయన ఎక్కాడు, పద్దెనిమిదేళ్ళ కిందట మొదలెట్టిన సిద్ధాంత గ్రంథం ఒళ్ళో పెట్టుకుని. పాటగాడు కావలసిన బట్టల కొట్టు గుమస్తా ఎక్కాడు. ఇల్లు కట్టుకుందామనుకున్న మొగుడూ పెళ్ళాలు చెరో కిటికీ పక్కన కూర్చున్నారు. సూరీడమ్మ బిందెతో సహా వచ్చింది. ఏం గడువని గన్నియ్య అడిగితే, "నాకేటి దాటిపోనాదో నాకు తెల్దు నాయినా. దాటే ఉంటాది, రాసుకో" అంది. గన్నియ్య రాసుకున్నాడు. దసరా నాటికి బండికి వెనక మరో రెండు పెట్టెలు తగిలించారు. కుళాయి దగ్గర రద్దీ తగ్గిందని మునిసిపాలిటీ సంతోషించింది.

ఇంతమందీ తవిటినాయుడి వెనకాలే తిరిగారు. అతను పరుగెత్తితే వాళ్ళు కిటికీల్లోంచి తలలు పెట్టి సలహాలు చెప్పారు. "నాయుడూ, భుజాలు బిగబట్టకు." "మడమ మీద పడతన్నావు, ముందుకు పడు." ఎక్కినవాళ్ళకు పరుగు గురించి అంత తెలుసునని అతనికి అంతకుముందు తెలియదు.

కార్తీకమాసంలో ఒక తెల్లవారుజామున అతను పదో కిలోమీటరు దగ్గర అలవాటు కొద్దీ వెనక్కి చెయ్యి చాపాడు. కిటికీలోంచి అంబలి సీసా ఎగిరొచ్చి చేతిలో పడింది. సగం తాగాక, సీసా విసిరిన చేతికి తను చేయించిన గాజులున్నాయని తోచింది. కిటికీ సీటులో నీలవేణి కూర్చుని ఉంది. మెడలో స్టాప్‌వాచీ నడుస్తోంది.

అతని కాళ్ళు ఆగిపోయాయి. బండి ఇరవై అడుగుల దూరంలో ఆగింది.

"నువ్వెందుకెక్కావు?"

"సూపర్‌వైజరు పోస్టు పరీక్ష రాయడానికి వయసు మొన్న మంగళారంతో అయిపోనాది."

"నాతో చెప్పలేదే."

"సెప్పాను. మోకాలికి ఐసు పెట్టుకుంటన్నావు. ఊ అన్నావు."

తవిటినాయుడికి ఆ ఊ గుర్తుంది. దేనికన్నాడో గుర్తులేదు. ప్రతి ఏడూ ఆ పరీక్ష దరఖాస్తు వచ్చినప్పుడు 'ఈ ఒక్క పందెం కానీ' అన్నది తనేనని మాత్రం గుర్తుంది. పందెం నాలుగోసారి వస్తోంది. అతను రోడ్డు మీదే చతికిలబడ్డాడు. బుర్రలో పెద్ద పళ్ళెం కింద పడినట్టు ఒకటే మోత. కిటికీల్లోంచి గొంతులు వినిపించాయి. "కూకోకు నాయుడూ, కండలు బిగిసిపోతాయి."

అతను గన్నియ్యను అడిగాడు. "నేను గడువులో దాటితే వీళ్ళు దిగొచ్చా?"

గన్నియ్య కాగితం తిరగేసి చూశాడు. "దిగకూడదని లేదు బాబూ."

అంత చాలనుకున్నాడు తవిటినాయుడు. ఆ రోజు నుంచి కుర్చీ సంగతి మర్చిపోయాడు. గీత దాటాలి, బండి పోవాలి, నీలవేణి దిగాలి. పరీక్ష గడువు పోతే పోయింది, మరో దారి చూడొచ్చు, ముందు దిగాలి. సెలవులన్నీ వాడేశాడు. ఇంట్లో తనే అంబలి కాచుకున్నాడు. అది మూడుసార్లు మాడింది. నీళ్ళు ముందా పిండి ముందా అని బండి దగ్గరికి వెళ్ళి అడగడానికి సిగ్గుపడ్డాడు.

మాఘమాసంలో పందెం రోజు వచ్చింది. పేర్లిచ్చినవాళ్ళు నూట ముప్ఫై మంది. ఈత అయ్యేసరికి నలభై మంది బండిలో ఉన్నారు. గడువు దాటి కాదు, ఎలాగూ దాటుతుంది గదా అని. ముందుగా ఎక్కకూడదని నిబంధనల్లో లేదు. సైకిలు దారి సగమయ్యేసరికి తవిటినాయుడు తప్ప మిగిలినవాళ్ళందరూ దిగి, సైకిళ్ళు పొలం గట్లకు ఆనించి, పెట్టెల్లోకి సర్దుకున్నారు. పరుగులో నీళ్ళందించే వాలంటీర్లు బల్లల మీద గ్లాసులు వదిలేసి ఎక్కారు. పద్నాలుగో కిలోమీటరు దగ్గర తవిటినాయుడికి తొడ పట్టేయబోయి వదిలేసింది. పద్దెనిమిది దాటాక రోడ్డు మీద తన బూట్ల చప్పుడు, వెనక ఇంజను చప్పుడు తప్ప ఇంకేమీ లేవు. చీమలు వదిలేసిన పుట్టలా ఉంది దారి.

అతను గీత దాటాడు. అక్కడ ఎవరూ లేరు. పందెం గడియారం ఎనిమిది గంటల ఇరవై ఆరు నిమిషాలు చూపిస్తోంది. టైము రాసే పెద్దమనిషి కుర్చీ ఖాళీగా ఉంది. ఆయనకు పోయిన నెలలోనే పదవీ విరమణ వయసు దాటిందట. పతకాలు ఒక మేకుకు గుత్తిగా వేలాడుతున్నాయి. తవిటినాయుడు ఒకటి తీసి తనే మెడలో వేసుకుని, పక్కనున్న పుస్తకంలో ముట్టినట్టు సంతకం పెట్టాడు. ఈసారి చదివి పెట్టాడు.

వెనక్కి తిరిగితే బండి ఇరవై అడుగుల దూరంలో ఉంది.

"దాటాను గన్నియ్యా."

"దాటారు బాబూ. సూశాను."

"ఇంక వెళ్ళు."

గన్నియ్య స్టీరింగు మీద చేతులు పెట్టుకుని చుట్టూ చూశాడు. సముద్రం ఉంది, ఖాళీ కుర్చీలున్నాయి. "ఎలిపోదును గాని, దాటినట్టు రాసీవోడూ బండిలోనే ఉన్నాడు, బయట మీరొక్కరే ఉన్నారు. ఒక్కడున్న కాడ మొదటోడూ ఆడే, సివరోడూ ఆడే. సివరోడి ఎనకాల బండి ఉండాల. నాదేటుంది బాబూ, కాగితంలో ఎలాగుంటే అలాగ."

రెండో పెట్టె కిటికీలోంచి పట్నాయక్ గారి చెయ్యి బయటికొచ్చింది. డిప్యూటీ డైరెక్టరు కావలసిన గడువు ఆయనది సంక్రాంతికే దాటిందట. చేతిలో ప్రమోషను ఉత్తర్వు ఉంది. "తీసుకో నాయుడూ. జాబితాలో నువ్వొక్కడివే మిగిలావు. కుర్చీ నీదే. ఆఫీసు తాళాలు వాచ్‌మాను దగ్గర ఉండేవి. వాడు ఆ వెనక పెట్టెలో ఉన్నాడు, అడిగి తీసుకో."

తవిటినాయుడు ఆ కిటికీ దాకా వెళ్ళి కాగితం అందుకున్నాడు. తడి చేత్తో పట్టుకునేసరికి సంతకం అలుక్కుపోయింది. మొదటి పెట్టె దగ్గరికి వచ్చి, కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. లోపల గౌరయ్య, సూరీడమ్మ, లెక్చరరు, అందరూ అరటిపళ్ళు ఒలుచుకుంటూ అతని వైపే చూస్తున్నారు. నీలవేణి పతకాన్ని ఒకసారి చూసి, స్టాప్‌వాచీ వైపు చూపు తిప్పుకుంది.

"దిగు నీలవేణీ. గడువులోనే వచ్చాను. ఇంకా నాలుగు నిమిషాలు మిగిలాయి."

"ఆ నాలుగూ నావి" అంది నీలవేణి, సీటులోంచి లేవకుండా, స్టాప్‌వాచీ ఆపకుండానే.