వేలెడు గాలిపై దండయాత్ర

వినుడు, వినుడు! పెట్టెకు తాడు బిగించి పరదేశమునకు సరుకు పంపిన వీరులారా, పంపబోయి ఛార్జీ విని వెనుదిరిగిన క్షతగాత్రులారా, చెవులొగ్గి వినుడు! సహస్రకిరణుండు తూర్పుదిక్కున మోచేయి ఆనించి, లేవనా మాననా అని ఆవులించుచున్న శుభసమయమున, పాలవాని సైకిలుగంట జయఘంటవలె మ్రోగుచున్న వీధి చివర, రేకుల కప్పు గలిగి, గోధుమపిండి ధూళిచే ధవళితమై, అల్లపు ఘాటుచే దారిన పోవువారికెల్ల తుమ్ములు ప్రసాదించుచు వెలయుచున్న బిస్కెట్ల గదియందు, పిండి వత్తు కర్రను గదాయుధమువలె భుజమున మోపి నిలిచియుండెను పిన్ని. అల్లంబిస్కెట్ల సామ్రాజ్ఞి, ఓవెనుద్వయాధీశ్వరి.

ద్వయమనుటయే గాని, ఆ రెంటిలో ఒక్కటే వెచ్చగానుండెను. రెండవది, సమీపమున ఒక ఆఫీసు క్యాంటీను మూతపడిన నాటినుండి చల్లారి, పిల్లికి శయనపీఠమై పడియుండెను. దానిపై పనిచేసిన పొరుగింటామె ప్రతిదినము పిట్టగోడమీదుగా తల ఎత్తి అడుగుచుండెను.

"వదినా, పిలుపేమైనా ఉందా?"

"ఇంకా లేదు వదినా."

ఈ రెండు ముక్కలు పలుకుట పిన్నికి ఓవెను సెగకన్న దుస్సహమై ఉండెను.

అట్టి గ్రీష్మతాపమున తొలకరి చినుకువలె, సముద్రములకావలనున్న ఒకానొక దుకాణదారుని సందేశము ఫోనున రాలెను. ఎవరో చుట్టము సంచిలో తీసికొనిపోయిన బిస్కెట్టును అతడు రుచి చూచెనట. "మీ బిస్కెట్టు బాగుంది. ఒక పెట్టె పంపండి. పంపే ఖర్చు సరుకు ఖరీదులో సగం దాటకపోతే ఇక నెలనెలా తీసుకుంటాను. దాటితే మాత్రం నాకు గిట్టదు, ఏమీ అనుకోవద్దు" అని దాని సారాంశము.

అంతట పిన్ని తన అక్కకూతురిని పిలిచెను. ఆమె వంశప్రథమపట్టభద్ర, కనుకనే ఇంటిలో 'డిగ్రీ' అను బిరుదనామమున వ్యవహరింపబడునది. బల్బు మార్చవలెనన్నను, బ్యాంకువారితో వాదింపవలెనన్నను, మందుసీసాపై చీమకాళ్ళవంటి అక్షరములు చదువవలెనన్నను, 'చదువుకున్నావు కదా' అను ఏకవాక్యశాసనముచే ఆ భారమెల్ల ఆమె శిరస్సుననే పడును.

"ఏమే డిగ్రీ, ఇదేంటో చూడు. ఎలా పంపితే చవకో కనుక్కో. చదువుకున్నావు కదా."

"నేను చదివింది చరిత్ర పిన్నీ!"

"అయితే మరీ మంచిది. ఓడలన్నీ అందులోనే కదా ఉండేది."

ఈ వాదమునకు ఏ విశ్వవిద్యాలయమునను ఉత్తరము లేదు. డిగ్రీ టేపు చేతబూనెను. బాబాయి లేచి నిలిచెను. అతడు యౌవనమున నాటకములలో సేనాపతి వేషము కట్టి, వేషము తీసినను కంఠస్వరము మాత్రము నేటికిని తీయనివాడు.

"బయలుదేరుము! దిక్కులు పిక్కటిల్ల, రవాణాసంస్థల ద్వారములు బద్దలుకాగా..."

"ముందు చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకోండి" అనెను పిన్ని.

బిస్కెట్టు పసిబిడ్డ వంటిదని పిన్ని సిద్ధాంతము. కావున ఆమె ఒక మహాపేటికను తెచ్చి, దాని గర్భమున నలిపిన కాగితములతో హంసతూలికాతల్పము పరచి, నడుమ పొట్లములనుంచి, పైన మరియొక తల్పము కప్పెను. దానిని ఆటోలో ఎక్కింపగా మువ్వురికి చోటు చాలక, బాబాయి డ్రైవరు పక్కన సగము ఆసనముపై సగము ఆకాశముపై ఆసీనుడై ప్రయాణించెను.

తొలుత వారు చొచ్చినది గగనమార్గమున పార్సిళ్ళు మోయు కొరియరువారి అద్దాల మందిరము. లోపల హిమవత్పర్వతమును తలదన్ను చలి. మెడకు టై బిగించిన యువకుడొకడు పెట్టెను తూచి చిరునవ్వు నవ్వెను. పిన్ని హృదయకమలము వికసించెను. పిమ్మట అతడు టేపు తీసి, పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి, యంత్రమున నొక్కి, వచ్చిన మొత్తమును చూపెను. వికసించిన కమలము ముడుచుకొనెను. ముక్కుకన్న ముక్కెర బరువనుట విందుము గాని, ఇక్కడ ముక్కెర ముందు ముక్కే కానరాకుండెను.

"బాబూ, మా పెట్టె దూదిలా తేలిగ్గా ఉంది కదా!"

"బరువు తక్కువే మేడమ్. కానీ సైజుకి ఛార్జీ. విమానంలో చోటు పడుతుంది కదా."

"లోపల సగం గాలే నాయనా!"

"గాలి కూడా కూర్చునే వెళ్తుంది మేడమ్."

ఆ పలుకు పిడుగై తాకగా, బాబాయి బల్లపై చేయి మోపి సింహగర్జన చేసెను.

"ఓరీ వాయువిక్రేతా! ఆకసమునందు అపారముగా పడియున్న గాలిని, అదే ఆకసమున మోసికొనిపోవుటకు సుంకమా! సముద్రమునకు నీరమ్ముదువా? ఎండకు వెలుగమ్ముదువా?"

"సార్, కావాలంటే ఊరికే కొటేషన్ రాసిస్తాను" అని యువకుడు వణకుచు పలికెను.

"పదండి, పదండి. పిల్లాడు బెదిరిపోతున్నాడు" అని పిన్ని భర్తృపుంగవుని మోచేత పట్టి లాగుకొని వచ్చెను.

పిమ్మట వారు గోదాముల వీధిలో, ఓడసరుకుల ఏజెంటు ఆస్థానమును దర్శించిరి. అతడు కుర్చీలో వెనుకకు వాలి, సముద్రమంతయు తన పెరటి బావియైనట్లు నిశ్చింతగా చెవిలో పుల్ల తిప్పుకొనుచుండెను.

"చవకమ్మా, మహా చవక. పది మంది సరుకూ ఒకే కంటైనర్లో వేస్తాం. మీ వాటాకి పడేది ఇంతే."

ఆ 'ఇంతే' విని పిన్ని కన్నులు చెమర్చెను. డిగ్రీ మాత్రము చదువుకున్నదగుటచే ప్రశ్న వేసెను.

"ఎప్పుడు బయల్దేరుతుందండీ?"

"కంటైనర్ నిండగానే."

"ఎప్పుడు నిండుతుంది?"

"సరుకు రాగానే."

"నిండాక?"

"ఓడ రావాలి కదమ్మా."

"ఓడ వచ్చాక?"

"దానికేమన్నా తొందరా ఏంటి? సముద్రం కదా, మెల్లగా వెళ్తుంది."

పిన్ని సంచినుండి ఒక బిస్కెట్టు తీసి, అతని చెవి దగ్గర ఫటేలున విరిచెను. విల్లు విరిగినట్టి ఆ ధ్వనికి ఏజెంటు కుర్చీ నిటారై నిలిచెను.

"ఈ చప్పుడు విన్నారా? ఇది పోతే అది నా బిస్కెట్టు కాదు. మీ ఓడ చేరేసరికి ఇది నానిన అట్టముక్క అవుతుంది. వస్తామండీ."

వచ్చునప్పుడు విరిగిన ముక్కలు రెండును అతని చేతిలో పెట్టియే వచ్చెను. అది ఆమె స్వభావము.

ఇక మిగిలినది తపాలా కార్యాలయము. గోడసున్నము పెచ్చులూడినను, ప్రతాపము ఊడని ప్రాచీనదుర్గమది. అచటి కౌంటరు గుమాస్తా, కళ్ళజోడు ముక్కు కొసకు జార్చి, వారి పెట్టెను గాంచి, బల్లక్రిందినుండి ఒక ఇనుప చట్రమును తీసి ఠంగున నిలిపెను.

"ఇందులోంచి దూరితే చిన్న పార్సిల్. విమానంలోనే పోతుంది, రేటు తక్కువ. దూరకపోతే పెద్ద పార్సిల్. రేటు అడక్కండి, బాధపడతారు."

డిగ్రీ గోడపట్టికలో చిన్న పార్సిలు రేటు చూచి, మనస్సులో సరుకు ఖరీదుతో పోల్చెను. సగము దాటలేదు! ఆమె ముఖమున పూర్ణచంద్రుడుదయించెను. కాని వారి మహాపేటిక ఆ చట్రము ముందు, పిల్లిగూటి ముందు ఏనుగువలె నిలిచియుండెను.

"ఇంటికి పదండి. గాలి తీసేద్దాం" అనెను డిగ్రీ.

ఇట్లు గాలిపై మహాసంగ్రామము ఘోషింపబడెను. బిస్కెట్ల గది రణరంగమాయెను. హంసతూలికాతల్పములు పెరికివేయబడెను. చిన్న పెట్టెలో పొట్లములు భుజము భుజమొరయ పదాతిదళమువలె నిలువబడెను. మూలమూలల నక్కిన గాలిని వెదకి వెదకి వెళ్ళగొట్టిరి. అయినను మూత పడదు! నడుమ పొంగి, అలిగిన అల్లుని మూతివలె బిగుసుకొని నిలిచెను.

"నేను కూర్చుందునా?" అని బాబాయి ముందుకు వచ్చెను.

"మీరు కూర్చుంటే పిండి పంపినట్టే."

డిగ్రీ వంగి పరిశీలించెను. ప్రతి పొట్లము నెత్తిన, వేరుగా కాగితమున చుట్టి దారముతో కట్టిన ఒక్కొక్క బిస్కెట్టు కిరీటమువలె మెరయుచుండెను.

"పిన్నీ, ఇవేంటి?"

"కొసరు."

"ఆయన అడగలేదు కదా!"

"అడిగితే ఇచ్చేది కొసరెలా అవుతుందే?"

"వీటివల్లే మూత పడట్లేదు. తీసేద్దాం పిన్నీ."

అంత పిన్ని కర్రను నేల మోపి, ఓవెను ఎర్రదనము కన్నులలో ప్రతిఫలింప, నిలువెల్ల నిలిచి పలికెను.

"చూడు. నేను పొయ్యి ముట్టించిన రోజునుంచి ఈ గడప దాటిన పొట్లం ఏదీ కొసరు లేకుండా పోలేదు. క్యాంటీను వాళ్ళకిచ్చా, బడి పిల్లలకిచ్చా, అప్పడిగిన వాళ్ళకీ ఇచ్చా. తూకం వాళ్ళ హక్కు, కొసరు నా మర్యాద. సముద్రం అవతల ఉన్నాడని మర్యాద తగ్గిస్తానా? ఆ ముక్కే ఎత్తకు."

పిల్లి కూడ లేచి కూర్చుండెను. బాబాయి కనులొత్తుకొనుచు, "ఈ సంభాషణ నాకెవ్వరును వ్రాయలేదే!" అని గొణిగెను.

దిక్కుతోచక, మూతను అదిమిపట్టి, టేపు చుట్టలు చుట్టలుగా చుట్టి, పెట్టె ఊపిరి బిగబట్టియుండగా మరల దుర్గమునకు మరలిరి.

అచట వరుస కొండచిలువవలె ద్వారము దాటి వచ్చియుండెను. భోజనవిరామము సమీపించుచుండుటచే ప్రతివాని ముఖమునను జఠరాగ్ని ప్రజ్వరిల్లుచుండెను. తుదకు వారి వంతు వచ్చెను. గుమాస్తా చట్రము నిలిపెను. పెట్టె ప్రవేశించెను. ముందు అంచు దాటెను. భుజములు దాటెను. నడిమి పొంగు వచ్చి తగిలి, కర్రున అరచి, ఆగిపోయెను.

"వేలెడు ఎక్కువుందమ్మా. పెద్ద పార్సిల్ రాయనా?"

వేలెడు! కేవలము వేలెడు గాలి! రేపు పిట్టగోడమీదుగా లేచు పొరుగింటామె తలయొక్కటే పిన్ని కన్నులముందు మెదలెను.

"ఏంటమ్మా, మేమంతా ఇక్కడే కాపురం పెట్టాలా?" అని వెనుకనుండి గొడుగు చేతబట్టిన వృద్ధుడొకడు గద్దించెను.

"తొందరగా తేల్చండమ్మా, కౌంటర్ మూసేస్తారు!" అని సంచుల ఇల్లాలొకతె వంత పలికెను.

అపుడు డిగ్రీ, ఆ కోపిష్ఠుల సేనను తేరిపార చూచి, పిన్ని చేయి పట్టుకొని మెల్లగా అడిగెను.

"పిన్నీ, కొసరు ఎవరికిస్తావు?"

"వచ్చినవాళ్ళకి."

"అంటే, నీ ఎదురుగా వచ్చి నిలబడినవాళ్ళకే కదా? ఆయన ఇక్కడ లేడు. వీళ్ళున్నారు. పాపం, ఆకలిమీద కూడా ఉన్నారు. పొట్లాలు పొట్లాలుగానే పోతాయి. కొసరు నీ చేత్తోనే ఇద్దువు గానీ."

సామ్రాజ్ఞులు ఓటమిని ఒప్పుకొనరు, మార్గము మార్చుకొందురు. పిన్ని టేపు చించి, మూత తెరచి, మొదటి కొసరు దారము త్రెంచి, గొడుగు వృద్ధుని ముందుకు చాచెను.

"తాతగారూ, తీసుకోండి. కసురుకోవడం తర్వాత."

వృద్ధుడు తటపటాయించి, కొరికెను. ఫటేల్! అతని కనుబొమలు పైకి లేచి అచటనే నిలిచిపోయెను. అంతట సంచుల ఇల్లాలు చేయి చాచెను. ఆమె వెనుకవాడు, వాని వెనుకామె! కరకరధ్వనులు కార్యాలయమున మారుమ్రోగగా, శత్రుసేన క్షణకాలమున మిత్రసేనయై, "మీరు కంగారు పడకండమ్మా, నెమ్మదిగా చూసుకోండి" అని ఏకకంఠమున అభయమిచ్చెను.

గుమాస్తా కళ్ళజోడు సవరించుకొని దగ్గెను. "అందరికీ ఇచ్చారు."

"మీకూ ఉంది. ముందు కొలవండి. ఇప్పుడిస్తే లంచం, తర్వాతిస్తే కొసరు."

కిరీటములు దిగిన పదాతిదళముపై మూత చప్పుడు లేక వాలెను. కొత్త టేపు పడెను. వరుసయంతయు ఊపిరి బిగబట్టి మెడలు చాచెను. పెట్టె చట్రమును సమీపించెను. అంచు... భుజములు... నడుము... చీమ కూడ పక్కకు తప్పుకొనలేనంత ఇరుకున, ఎటు తాకక, అవతలికి జారెను!

"చిన్న పార్సిలే" అని గుమాస్తా ముద్ర దంచెను.

డిగ్రీ రశీదును ఫొటో తీసి పంపెను. అవతలి ఒడ్డున దుకాణదారుడు మేలుకొనియే యుండెను కాబోలు, వరుసలో రెండవవాడు తన పని ముగించుకొనునంతలో జవాబు వచ్చెను: "సగం లోపే ఉంది. సరే, నెలనెలా ఇలాంటి పెట్టెలే పంపండి."

పిన్ని ఫోను లాగుకొని, గుమాస్తా అటు కొసరు కొరుకుచుండగా, పొరుగింటికి మ్రోగించెను. ఎత్తీ ఎత్తగానే పలికెను.

"వదినా, పొద్దున్నే వచ్చెయ్. ముందు ఆ పిల్లిని లేపాలి."

ఇట్లు మహాసేనలు కదలక, రక్తబిందువు చిందక, బిస్కెట్టొక్కటియు విరగక (కొరికినవి, ఏజెంటు చెవికడ విరిచినది మినహా) వేలెడు గాలి జయింపబడెను! ఈ గాథ విన్నవారి పెట్టెలు చట్రములలో దూరుగాక! ఓడిన ఆ వేలెడు గాలి మాత్రము పోవుటకు వేరొక చోటు లేక, టికెట్టు కొనుటకు స్తోమతు లేక, ఆ తపాలా కార్యాలయపు ఫ్యాను క్రిందనే నేటికిని గిరగిర తిరుగుచున్నది.