విఫలమైన వైద్యం వర్ధిల్లాలి!

సంతానం కోసం చేయించుకున్న వైద్యం మొదటిసారే ఫలించడాన్ని మించిన అరిష్టం సంసారానికి మరొకటి లేదు!

తొందరపడి కోపగించుకోకండి. ఫలిస్తే ఏమవుతుంది? ఒక బిడ్డ పుడుతుంది, అంతటితో సరి. విఫలమైతేనో? ఉయ్యూరు–బెజవాడ బస్సుకు శాశ్వతంగా ఒక ప్రయాణికురాలు దొరుకుతుంది. మందుల షాపు మీద మేడ లేస్తుంది. చుట్టాలందరికీ సలహా చెప్పే హక్కు సంక్రమిస్తుంది. కారణం ఒక్కటి, ఫలితాలు ఎన్ని!

ఉయ్యూరులోని అమలమ్మ ఈ లోకోపకారానికి అంకితమైన ఇల్లాలు. మొదట గర్భసంచి శుభ్రం చేశారు, ఫలితం లేదు. తరువాత నాళాలలోకి గాలి పంపి చూశారు. దారి బాగానే ఉందన్నారు. ఆపైన హార్మోను మాత్రలు మింగించారు. ఒళ్లు వచ్చింది, బిడ్డ రాలేదు. గర్భానికి అనువైన రోజు తెలుసుకోవడానికి పొద్దున్నే నోట్లో థర్మామీటరు పెట్టుకున్నాకే ఆమె ప్రార్థన.

వైఫల్యం పెరిగినకొద్దీ అత్తగారు తెరేసమ్మకు ఆశ పెరిగింది. "మూడుసార్లు వైద్యం తప్పిందంటే నాలుగోసారి తప్పదే అమ్మాయ్! ఎన్నిసార్లని తప్పుద్ది?" అనేది. గణితజ్ఞులు తలలు బద్దలు కొట్టుకునే సంభావ్యతను ఆవిడ పప్పు తాలింపు పెడుతూ తేల్చేసింది!

భర్త బాలశౌరి చక్కెర ఫ్యాక్టరీ లేబరేటరీలో ఉద్యోగి. పంచదార దిగుబడి తగ్గితే ఆయన ఊరికే మిల్లును నిందించడు. చెరకు రసం సీసాలో పట్టించి, చీటీ అంటించి, పరీక్షించి గాని నోరు విప్పడు. శాస్త్రీయ దృష్టి అంటే అది!

ఈసారి బెజవాడ లేడీ డాక్టరు మాణిక్యమ్మగారిని అమలమ్మ బతిమాలినట్టు అడిగింది: "నాలుగోసారైనా వైద్యం ఫలిస్తుందాండీ?"

"ఎందుకు ఫలించలేదో తెలీకుండా ఎంత అవకాశమని చెప్పనమ్మా? నీలో లోపమేం కనబడ్డంలేదు. మీ ఆయన్ని పరీక్ష చేశారా?"

ఎంత అమర్యాదకరమైన ప్రశ్న! అమలమ్మ తల అడ్డంగా ఊపింది.

"అయితే మూడు వైద్యాలు కాదు, మూడుసార్లూ సగం వైద్యమే జరిగింది" అంటూ డాక్టరుగారు, ఆయన వీర్యపరీక్షకని, మూత ఉన్న చిన్న గాజుసీసా ఆమె చేతిలో పెట్టారు.

సీసాను చూసి బాలశౌరి మండిపడ్డాడు. "నాకేం రోగం? దుక్కలా ఉంటేనూ!"

"మా వంశంలోనే లేదు" అని తెరేసమ్మ వంత పాడింది. సీసా అలమరలో, బైబిలు పక్కన, పవిత్రంగా ఉండిపోయింది.

అంతలో ఇంగ్లండులో గాజు పాత్రలో ప్రాణం పోసుకున్న బిడ్డ పుట్టిందని పేపర్లో పడింది. బాలశౌరి అరుగు మీద కూర్చుని ఆ వార్త బిగ్గరగా చదివి, "సైన్సంటే అదండీ! మనవాళ్లకెప్పుడొస్తుందో ఆ బుద్ధి!" అని వీధికంతటికీ విచారం వెలిబుచ్చాడు.

లోపల అమలమ్మ విన్నది.

మరునాడే తెరేసమ్మ పట్టుబట్టి కుదిర్చిన నాలుగో వైద్యానికి ప్రయాణం. "బస్సు టయిమవుతుంటే ఇంకా చీర మార్చవేమే?" అని తెరేసమ్మ కేకలేసింది.

అమలమ్మ అలమర తెరిచింది. సీసాకు ఫ్యాక్టరీ పద్ధతిలోనే చీటీ అంటించి, దాని మీద భర్త పేరు రాసి, ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టింది.

"నేను రాను అత్తయ్యా. ఈసారి బస్సెక్కాల్సింది మీ అబ్బాయి. ఆయన పరీక్షయ్యేదాకా నా ఒంటిమీద ఇంకెవరి చెయ్యీ పడనివ్వను."

బాలశౌరి చీటీని అక్షరం అక్షరం సరిచూశాడు. లేబరేటరీ పద్ధతి ప్రకారం తప్పు పట్టడానికి అందులో ఏమీ దొరకలేదు. చివరకు సీసాను చేతిరుమాలులో చుట్టి జేబులో వేసుకున్నాడు. దారిలో అడిగినవాళ్లకు ఫ్యాక్టరీ పని మీద వెళుతున్నానని చెప్పాడు.

పాఠకులారా, ఎంత ఘోరం జరిగిపోయిందో గమనించారా? ఇన్నేళ్లలో మొట్టమొదటిసారిగా, ఆ ఇంట్లో వైద్యం ఫలించే ప్రమాదం ఏర్పడింది!