ఆడ ఎలుకల అధికారిణి

అడవి ఎలుకలను ఒంటరిగా ఉంచితే అవి ఎప్పుడు ఈడుకొస్తాయి, ఎన్ని పిల్లలను పెడతాయి అన్న ప్రశ్న తేలేవరకూ మానవజాతికి నిద్ర పట్టదని పరిశోధనాలయం వారు ప్రకటించారు. మానవజాతి మాత్రం యథాప్రకారం గురకపెట్టి నిద్రపోతూనే ఉంది.

మగ ఎలుక వాసన తగిలితే చాలు, ఆడ ఎలుక తొందరగా ఈడుకొస్తుందట. అందుకని డైరెక్టరుగారు భవనం మధ్యలో గోడ కట్టించి, దానికున్న ఒక్క తలుపూ మూయించారు. ఇటు ఆడ ఎలుకలు, అటు మగవి. ఇటు మేత వేసేవాళ్లు అటువాళ్లను కలవరాదు. బట్టలకు వాసన అంటుకుంటే శాస్త్రం చెడుతుంది. ఆడ ఎలుకల అధికారిణి, మగ ఎలుకల అధికారి కొత్తగా పెళ్లయిన దంపతులు కావడం శాస్త్రం తప్పు కాదు. పెద్దమనసుతో చెరోవైపూ ఒక గది ఇచ్చారు.

"ఏమ్మా, ఏమైనా విశేషమా?" అని అత్తగారు ఫోనులో అడిగినప్పుడల్లా అధికారిణికి ఒళ్లు మండేది.

"మీ అబ్బాయి మొహం చూసి ఏడాదైంది అత్తయ్యా! విశేషం ఆకాశంలోంచి ఊడిపడుతుందా?"

ఆమెకు బిడ్డ కావాలి. ప్రయోగం ముగిస్తే గానీ కాపురం మొదలుకాదు.

ఒక ఉదయం ఒక పెట్టెలో గడ్డి మారుస్తుంటే, కళ్లు తెరవని ఎర్రటి పిల్లలు కిచకిచమన్నాయి. పెట్టె అడుగు కొరికేసి ఉంది. వెనక గోడలో బొక్క. ఒంటరి ఎలుకలు ఎప్పటినుంచో నిక్షేపంగా కాపురాలు చేసుకుంటున్నాయి! ప్రయోగం మట్టికొట్టుకుపోయినందుకు ఆమె ఎగిరి గంతేసి, పరుగున వెళ్లి డైరెక్టరుగారికి చెప్పింది.

ఆయన వెంటనే గోడకు రెండువైపులా వినబడేలా మైకులు పెట్టించి ప్రసంగించారు.

"ఎలుకలు మనల్ని మోసం చేశాయి! క్రమశిక్షణ లేని ప్రాణులతో శాస్త్రం సాగదు. అదృష్టవశాత్తూ, నిబంధనను తు.చ. తప్పకుండా పాటించిన జంట ఒకటి ఈ భవనంలోనే ఉంది. ఒంటరితనం వల్ల సంతానం శూన్యమని ఆ దంపతులు నిస్సందేహంగా నిరూపించారు. ప్రయోగం వారితోనే మరో మూడేళ్లు కొనసాగుతుంది!"

చప్పట్లతో భవనం దద్దరిల్లింది. అధికారిణి గోడలోని తలుపు దగ్గరికి పరుగెత్తింది.

"ఏవండీ, విన్నారా? మూడేళ్లట! దీనికి తాళం లేదు, గడియ కూడా లేదు. తోసుకుని వచ్చెయ్యండి!"

అటువైపునుంచి భర్త గొంతు వినిపించింది.

"ఎలా వస్తానే? 'తెరవరాదు' అని కాగితం అంటించారుగా!"

ఆమె తలుపుకు తనవైపున చూసింది. ఇటూ ఉంది కాగితం. తలుపు మీద వేసిన చెయ్యి తీసేసింది.

ఎంతైనా ఇద్దరూ మనలాగే చదువుకున్నవాళ్లు. అక్షరం ముక్క రాకపోబట్టి ఎలుకల వంశం నిలబడింది.