అమ్మవారికి చెమట పట్టింది

ఆ ఏడాది ఆళ్లగడ్డలో ఉగాదికి ముందే ఎండలు ముదిరాయి. ఇత్తడి సామాన్ల అంగడి మాధవయ్య మాత్రం ఎండను ఒక్క మాట అనేవాడు కాదు. తెల్లారగానే మిద్దె ఎక్కి, నల్లమల మీదుగా నింపాదిగా లేస్తున్న సూర్యుణ్ణి సొంత బిడ్డను చూసుకున్నట్టు చూసుకునేవాడు. ఇంత వెలుతురు ఊరంతా ఊరికే ఒలికిపోతుంటే, కింద తన నడిమింట్లో పట్టపగలు బల్బు వెలగడం ఆయనకు సహించేది కాదు.

పక్కింటి సరస్వతమ్మ వాళ్లు మిద్దె మీద మిద్దె కట్టినప్పటి నుంచి ఆయన నడిమింటి కప్పుకున్న గవాక్షిలోకి పొద్దుటి ఎండ దిగడం మానేసింది. భార్య మహానందమ్మ ఆ గుయ్యారం చీకట్లోనే బియ్యంలో రాళ్లేరేది, మధ్యాహ్నం ఆ ఉక్కలోనే పడుకునేది. లేచేసరికి చాప తడిసి ఉండేది. మూడు వేసవుల నుంచి ఆమె ఫ్యాను అడుగుతోంది. మూడేళ్లుగా మాధవయ్య జవాబూ ఒక్కటే.

"కరెంటు బిల్లు సగానికి దిగనీ. ఆ మర్నాడే నంద్యాలకు పోయి ఫ్యాను తెస్తా."

ఆ శుక్రవారం పొద్దున మంచి ఆలోచన తట్టింది ఆయనకు. పెళ్లినాటి నిలువుటద్దం భుజాన వేసుకుని మెట్లెక్కబోయాడు.

"అద్దం ఎత్తుకోని యాడికి పోతాండారు?" అంది మహానందమ్మ.

"సూర్యుణ్ణి ఇంట్లోకి పిల్చుకోని వస్తా. నువ్వు బల్బు ఆర్పు."

పిట్టగోడకు అద్దాన్ని తాళ్లతో బిగించి, అటు వంచి ఇటు వంచి, చివరికి గవాక్షిలోకి గురి కుదిర్చాడు. కింద నడిమిల్లు వెలిగిపోయింది. చేటలో బియ్యం ముత్యాల్లా మెరిశాయి. దుమ్ము రేణువులు బంగారు పొడిలా గాలిలో తేలుతుంటే, పైనుంచి తొంగిచూసిన మాధవయ్యకు ఇరవై ఏళ్ల కిందటి కొత్త పెళ్లికూతురు కనిపించింది. ఆమె కూడా చేట పక్కన పెట్టి, ఆ వెలుగులో అరచేయి తిప్పి చూసుకుంది. నిజంగా చాలా బాగుంది. ఆ సంతోషంలోనే ఆయన అంగడికి వెళ్లిపోయాడు.

అద్దం కదలలేదు గానీ సూర్యుడు కదిలాడు. పది గంటలకు వెలుగు గవాక్షి దాటి, మిద్దె మీద పాకి, సందు దాటి, ఎదురుగా ఉన్న శిల్పి బ్రహ్మయ్యాచారి కొట్టంలోకి చేరింది.

కొట్టంలో నల్లరాతి అమ్మవారు నిలబడి ఉంది. మిడుతూరు వైపు పల్లె నుంచి దాసరయ్య, మారెన్న బండి కట్టుకుని ఆమె కోసమే వచ్చారు. విగ్రహమంతా పూర్తయినా కనుపాపలు మాత్రం చెక్కరు. ప్రతిష్ఠ నాడు వాటిని చెక్కి, ముందుగా అద్దం పడతారు. అమ్మ తొలిచూపు ఆ అద్దంలో పడాలి, మనుషుల మీద పడకూడదు. ఆచారి అప్పుడే ముఖానికి నూనె పూసి పక్కకు జరిగాడు. వెలుగు గడ్డం మీది నుంచి మెల్లగా ఎక్కి కళ్ల దగ్గర ఆగింది. నూనె తళుక్కుమంది. లేని కనుపాపలు ఉన్నట్టే మెరిశాయి.

దాసరయ్య తలగుడ్డ తీసేశాడు. "ఆచారీ, అమ్మ కండ్లు తెరిచింది."

"నేనింకా చెక్కలేదప్పా," అన్నాడు ఆచారి, చేతిలో ఉలి వంక చూసుకుంటూ.

ఇంతలో వేడికి నూనె పలచబడి నుదుటి నుంచి జారింది. నీళ్లకు పోతూ తొంగిచూసిన సరస్వతమ్మ బిందె దించేసింది. "తల్లికి చెమట పడతాంది. ఈ ఉక్కలో పెడితే పట్టదా?"

అంతే, సందు నిండిపోయింది. కబురు వినగానే సంగతి అర్థమై మాధవయ్య అంగడి వదిలి పరుగున వచ్చాడు. "అది నా అద్దమప్పా. నేనే కట్టినా, కరెంటు మిగులుతాదని."

దాసరయ్య ఆయనను జాలిగా చూశాడు. "అద్దం నీదే సెట్టీ. ఈ పొద్దే కట్టాలని నీకు తోచేట్టు చేసింది ఎవరు?"

మాధవయ్య ఇంటి వైపు నడిచాడు. అద్దం విప్పుదామని మిద్దె ఎక్కితే, అప్పటికే ఇల్లు చేరిన సరస్వతమ్మ తన పైమిద్దె నుంచి చూసింది. "అమ్మకు పట్టిన అద్దం దించుతాండావా? మంచోడివే." ఆయన తాళ్లు ఇంకాస్త బిగించినట్టు నటించి దిగివచ్చాడు.

అమ్మ చల్లబడే దాకా బండి ఎక్కించకూడదని తొమ్మిది రోజుల గడువు పెట్టారు. మారెన్న నంద్యాల బస్సెక్కి, సాయంత్రానికి టేబుల్ ఫ్యాను ఒళ్లో పెట్టుకుని దిగాడు. కొట్టంలో కరెంటు లేదు. సందులో అందరి కంటే దగ్గర ఇల్లు మాధవయ్యది. కిటికీలోంచి వైరు లాగారు. మర్నాడు ట్యూబులైటుకు ఇంకో వైరు పడింది, ఆ మర్నాడు మైకుసెట్టుకు. వద్దందామని రోజూ నోరు తెరిచేవాడు. ఎదురుగా ఎవరో ఒకరు తన గడపకే దండం పెడుతుంటే మూసేవాడు.

మహానందమ్మ మాత్రం ముందు వరసలో, అమ్మకు కాస్త పక్కగా, గాలి తగిలే చోట కూర్చునేది. ప్రతి మధ్యాహ్నం ఆమె కళ్లు మూతలు పడుతూనే ఉన్నాయి. ధ్యానం అనుకున్నారు జనం.

పదో రోజు అమ్మవారు బండెక్కింది. దాసరయ్య ఫ్యాను తెచ్చి మాధవయ్య చేతిలో పెట్టాడు. "మా పల్లెకు కరెంటు లేదు సెట్టీ. అమ్మకిచ్చింది అమ్ముకోరాదు. నీ ఇంట్లోనే తిరగనీ."

నెలాఖరున వచ్చిన బిల్లు ఎప్పటికంటే మూడింతలుంది. మాధవయ్య దాన్ని పట్టుకుని నడిమింట్లోకి వచ్చాడు. ఫ్యాను తిరుగుతోంది. మహానందమ్మ పొడి చాప మీద పడుకుని ఉంది.

"ఏమే, బిల్లు సగానికి దిగితేనే కదా ఫ్యానన్నాను."

"అది మీరు తెచ్చే ఫ్యాను మాట. ఇది అమ్మది." ఆమె కళ్లు తెరవలేదు. "మీకు ధైర్యముంటే ఆర్పండి."

మాధవయ్య చేయి స్విచ్చి దాకా వెళ్లింది. కిటికీ అవతల సరస్వతమ్మ బిందెతో ఆగి చూస్తోంది. ఆ చేయి మెల్లగా వెనక్కి వచ్చింది. ఇంతలో ఫ్యాను ఇటు తిరిగి, చెమట పట్టిన ఆయన మెడ మీద చల్లగా వీచింది. ఆయన గోడవారగా ఇంకో చాప పరుచుకున్నాడు.

అప్పటి నుంచి మాధవయ్య మధ్యాహ్నాలు ఎంతో భక్తిగా నిద్రపోతున్నాడు.