ప్రాక్సీ దాటని టీకా

పొద్దున్నే చాయ్ తాగుతూ ఉమాకాంత్ తల్లి వజ్రమ్మకు మాటిచ్చాడు. "ఇయ్యాల నీ టీకా స్లాట్ నా కంప్యూటరే పట్టుకుంటదే అమ్మా. నువ్వు ఇంట్ల కూసో."

వజ్రమ్మ దారం కండెలు చుట్టే మగ్గాల కార్ఖానాలో సేటు ఖరాకండిగా చెప్పేశాడు: సూది పడనివాళ్ళు సోమవారం నుంచి గడప తొక్కకూడదు. కరోనా రెండో ఏడాది అది. స్లాట్ దొరకడం కన్నా సూరత్‌లోని కోసాడ్ కాలనీలో పులి దొరకడం తేలిక.

ఊరి శివారు సచిన్‌లో ఒక మిల్లు ఆఫీసులో కంప్యూటర్ పని చేసే ఉమాకాంత్, టీకా వెబ్‌సైటును తన బదులు మాటిమాటికీ అడిగే ప్రోగ్రాం రాశాడు. జవాబులో 'ఖాళీ లేదు' అని ఉంటే ఊరుకోవాలి. ఆ మాట లేకపోతే ఖాళీ ఉన్నట్టే, కాలనీ వాట్సాప్ గ్రూపులో చాటెయ్యాలి. ఇంటి నెట్‌లో అది ముద్దుగా పనిచేసింది.

ఆఫీసు నెట్ సంగతి వేరు. అక్కడ ప్రాక్సీ అనే కాపలా ఉంటుంది. పాస్ చూపనిదే మిల్లు గేటు లారీని వదలనట్టు, పేరూ పాస్‌వర్డూ చెప్పనిదే అది ఏ ప్రశ్ననూ బయటికి పోనివ్వదు. ప్రోగ్రాం పాపం ఉత్త చేతులతో వెళ్ళింది. 'నువ్వెవరు, పేరు చెప్పు' అంటూ ప్రాక్సీ ఒక పేజీ తిప్పికొట్టింది. అందులో 'ఖాళీ లేదు' అన్న మాట లేదు మరి. ప్రోగ్రాం పొంగిపోయి చాటింది: కోసాడ్‌లో టీకాలున్నాయి.

అబద్ధానికి కాళ్ళుండవంటారు. సూరత్‌లో దానికి ఆటో ఉంది. పొరుగింటి కమలాకర్ 'బుకింగ్ అక్కర్లేదు' అని తోక తగిలించాడు. ఇంకెవరో బిస్కెట్లు కూడా ఇస్తారన్నారు. మగ్గాలు ఆపి మరీ జనం టీకా కేంద్రానికి ఉరికారు. ఆ వరుసలో నిలబడే ఒకాయన కూతురికి సంబంధం కుదుర్చుకున్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

సంగతి తెలిసి ఉమాకాంత్ ప్రోగ్రాంకు వచ్చిన పేజీ తెరిచి చూశాడు. ప్రోగ్రాం ఆపి కమలాకర్‌కు ఫోన్ చేశాడు.

"కమలాకరన్నా, అది ఉత్తదే. ప్రాక్సీ తిప్పి పంపిన పేజీ."

"గా ప్రాక్సీ ఎవడో గీడ లైన్ల లేడు తమ్మీ. జర ఫోన్ పెట్టు, లైన్ జరుగుతున్నది."

గ్రూపులో 'తప్పయింది' అని రాస్తే అది దండాల బొమ్మల కింద సమాధి అయింది. తల్లినైనా కాపాడుకుందామని ఇంటికి ఫోన్ చేశాడు. వజ్రమ్మ అప్పటికే చెప్పులు వేసుకుంది.

"పోకే అమ్మా. ఎండల నిలవడి వట్టిగ వాపస్ వస్తవ్."

"అందరు పోతున్నరు గద బిడ్డా."

"అందరికి తెల్వది. నాకు తెలుసు."

ఆమె చెప్పులు విప్పింది.

సాయంత్రం పక్కింటి కొమురవ్వ తన భుజం పట్టుకుని వచ్చింది. "నీ కొడుకు సల్లగుండ వజ్రక్కా. మందిని జూసి డాక్టరమ్మ బెదిరి, పై ఆఫీసుకు ఫోన్ గొట్టి మందు డబ్బాలు తెప్పిచ్చింది. లైన్ల ఉన్నోళ్ళందరికి సూదులేసిన్రు. నువ్వు రాలేదేంది?"

ఉమాకాంత్ పక్కనే ఉన్నాడు. తల్లి తిట్టినా బాగుండునని తల వంచుకున్నాడు. "ఉండనీ తియ్" అంది వజ్రమ్మ కొమురవ్వతో. "కాలనీ మొత్తంల నాకొక్కదానికే నిజం చెప్పిండు నా కొడుకు."

సోమవారం ఆడవాళ్ళంతా మగ్గాలకు పోయారు. వజ్రమ్మ గడపలో కూర్చుని, ఏరిన బియ్యమే మళ్ళీ ఏరింది. ఆఫీసులో ఉమాకాంత్ ప్రోగ్రాంకు పేరూ పాస్‌వర్డూ ఇచ్చి ప్రాక్సీ దాటించాడు. ఈసారి అది ఒక్క తప్పు లేకుండా పనిచేసి ఉన్నమాట చెప్పింది: ఖాళీ లేదు.